తప్పు చేసిన వ్యవస్థాపకుణ్ణి నిలదీసే హక్కు ఎవరిది?

కృష్ణాతీరం
సెప్టెంబరు 16, ఉదయం 7:40

ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో సంబంధం ఉన్నవారికి ఈ తేదీ రెండు విధాలుగా గుర్తుండాలి. 2018 సెప్టెంబరు 16, ఆదివారం నాడు లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్, ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి కెర్నల్‌లో 4.19-ఆర్‌సీ4 అనే పరీక్షా కూర్పును విడుదల చేస్తూ, ఎప్పటిలా రాసే మామూలు ప్రకటనలోనే, ఏళ్ల తరబడి తాను ఈమెయిళ్లలో మనుషుల మీద విరుచుకుపడిన తీరు తగనిదని ఒప్పుకుని, క్షమాపణ చెప్పి, ఎదుటివారి మనసు అర్థం చేసుకోవడానికి సాయం తీసుకుంటానంటూ కొంతకాలం పక్కకు తప్పుకున్నారు. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 2019 సెప్టెంబరు 16న, రిచర్డ్ స్టాల్‌మన్ తాను 1985లో స్థాపించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అధ్యక్ష పదవికీ, పాలకమండలి సభ్యత్వానికీ రాజీనామా చేశారు.

టోర్వాల్డ్స్ నెల దాటిన కొద్ది రోజులకే తిరిగి వచ్చారు. ఆ మధ్యలో 4.19 తుది విడుదలను గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ పూర్తి చేశారు. స్టాల్‌మన్ ఏడాదిన్నర తరువాత, 2021 మార్చి 21న, లిబ్రేప్లానెట్ సమావేశంలో మాట్లాడుతూ తాను మళ్లీ పాలకమండలిలో ఉన్నానని ప్రకటించారు. ఆ సమావేశాన్ని నిర్వహిస్తున్న ఫౌండేషన్ ఉద్యోగులకే ఆ సంగతి ముందుగా తెలియదు.

నేను హైదరాబాదులో ఒక కళాశాల సభామందిరంలో, కుర్చీలు చాలక కింద కూర్చుని, స్టాల్‌మన్ ప్రసంగం విన్నవాణ్ణి. వాడుకునే యంత్రం మీద వాడుకునేవాడికే హక్కు ఉండాలని ఆయన ఆ రోజు చెప్పిన తీరు నా వృత్తినే మార్చింది. అందుకే ఈ విషయం నాకు పరాయి దేశపు తగాదాలా అనిపించదు. ఆ ఇద్దరి గుణగణాలు తూచడానికి ఈ చర్చ మొదలుపెట్టడం లేదు. తప్పు జరిగిందని నలుగురూ అనుకున్నప్పుడు వ్యవస్థాపకుణ్ణి అడిగే హక్కు ఎవరిది, ఆ అడగడం ఏ దారిన జరగాలి, తిరిగి రావాలంటే ఆయన ఎవరి ముందు ఏం చెప్పాలి అన్నవి నా ప్రశ్నలు.


నల్లమల
సెప్టెంబరు 16, ఉదయం 9:15

కృష్ణాతీరం గారూ, ప్రశ్న బాగుంది. అయితే స్టాల్‌మన్ విషయంలో జరిగినదాన్ని జవాబుదారీతనం అనడానికి నాకు మనసొప్పదు. ఎమ్‌ఐటీ విశ్వవిద్యాలయపు అంతర్గత మెయిలింగ్ లిస్టులో, అప్పటికే మరణించిన కంప్యూటర్ శాస్త్రవేత్త మార్విన్ మిన్‌స్కీ మీద వచ్చిన లైంగిక దాడి ఆరోపణకు ఏ పదం వాడాలన్న దాని మీద ఆయన వాదించారు. ఆ వాదనలో సున్నితత్వం లేదని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ మెయిళ్లు బయటికి వచ్చాక కొన్ని పత్రికలు ఆయన అనని మాటను ఆయన అన్నట్టు శీర్షికలు పెట్టాయి. నాలుగైదు రోజుల్లో అంతా ముగిసింది. అపార్థాల వల్ల, వక్రీకరణల వల్ల తన మీదా ఎమ్‌ఐటీ మీదా వచ్చిన ఒత్తిడితో వెళుతున్నానని ఆయన రాశారు. ఆరోపణ ఏమిటో కాగితం మీద పెట్టి, ఆయన సమాధానం విని, ఇదీ మా నిర్ణయం అని చెప్పినవారు ఎవరూ లేరు.

2021లో ఆయనను తొలగించాలన్న బహిరంగ లేఖ మీద మూడు వేలకు పైగా సంతకాలు పడ్డాయి. ఆయనను సమర్థించిన లేఖ మీద ఆరు వేలకు పైగా పడ్డాయి. సంతకాలు లెక్కపెట్టి న్యాయం తేల్చేటట్టయితే రెండో లేఖ గెలిచినట్టే కదా? అది కూడా న్యాయం కాదనే నేను అంటాను. నలభై ఏళ్లు ఒకే మాట మీద నిలబడిన మనిషిని వారం రోజుల హోరులో తీసేయడం ఎంత తప్పో, హోరు తగ్గాక చడీచప్పుడు లేకుండా తిరిగి కూర్చోబెట్టడమూ అంతే తప్పు.


సన్నజాజి
సెప్టెంబరు 16, మధ్యాహ్నం 1:05

నల్లమల గారూ, చివరి వాక్యంతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. మొదటి భాగంతో మాత్రం కాదు, ఎందుకంటే మీరు ఆ వారం రోజుల్నే చూస్తున్నారు. స్టాల్‌మన్ సమక్షంలో ఇబ్బంది పడ్డామని చెప్పిన స్త్రీలు ఆ మెయిళ్ల మీద కొత్తగా కోపం తెచ్చుకున్నవారు కారు. వారిలో కొందరు ఎన్నో ఏళ్ల కిందటి సంగతులు చెప్పారు. అన్నేళ్లూ ఆ మాట చెప్పుకోవడానికి చోటు లేకపోవడం వల్లనే, ఒక్క మెయిలు బయటపడగానే అంతా ఒకేసారి కట్ట తెగినట్టు వచ్చిపడింది. వినేవారు ముందే ఉండి ఉంటే ఆ హోరు పుట్టేది కాదు.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. బృందం పేరు, మనిషి పేరు చెప్పను. పన్నెండేళ్ల కిందట నేను ఒక డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తెచ్చే బృందంలో పనిచేశాను. రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుని అనువదించేదాన్ని. ఫైల్ మేనేజరుకు సంబంధించిన 340 వాక్యాలు పూర్తిచేసి పంపాను. మెనూలో ‘దస్త్రం’ అని ఉన్నచోట్ల ‘ఫైలు’ అని మార్చాను, మా వీధిలో జిరాక్స్ షాపు నడిపే అబ్బాయి కూడా ఆ మాటే అంటాడు కాబట్టి. సమన్వయకర్తకు అది నచ్చలేదు. నచ్చకపోవడం తప్పు కాదు, ఆ రెండు మాటల మధ్య ఈనాటికీ వాదం ఉంది. కానీ ఆయన అందరూ చూసే లిస్టులో, వంటింటి పనుల మధ్య తీరిక దొరికినప్పుడు చేసే అనువాదం ఇలాగే ఉంటుందని రాశారు. నూట ఇరవై మంది ఉన్న ఆ లిస్టులో ఒక్కరూ మాట్లాడలేదు.

ఫిర్యాదులు పంపాలంటూ బృందం పేజీ అడుగున ఒక చిరునామా ఉండేది. రెండు రోజులు ఆలోచించి దానికి రాశాను. సమాధానం ఆయన దగ్గర నుంచే వచ్చింది. ఆ చిరునామా ఆయనదే. లిస్టు నిర్వహణ ఆయనదే, వాక్యాలకు ఆమోదం ఇచ్చే ఖాతా కూడా ఆయన ఒక్కరిదే. నా 340 వాక్యాలు ‘సమీక్షకు వేచి ఉన్నవి’ అన్న పసుపు గుర్తుతో అలాగే ఉండిపోయాయి. ఆ విడుదలలో ఫైల్ మేనేజరు మెనూలు సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో వచ్చాయి. ముల్లు మీద ఆకు పడ్డా, ఆకు మీద ముల్లు పడ్డా చిరిగేది ఆకే అంటారు కదా, ఆ తరువాత నేను ఏ బృందంలోనూ చేరలేదు.

ఆయన చెడ్డవారని చెప్పడానికి ఇది రాయలేదు. ఆ బృందాన్ని నిలబెట్టింది ఆయనే, నాకంటే పదింతల పని చేశారు. ఆయన మీద ఆయనకే ఫిర్యాదు చేయవలసి రావడమే నేను చెప్పదలచిన విషయం.


పాలమూరు
సెప్టెంబరు 16, మధ్యాహ్నం 3:30

సన్నజాజి గారికి జరిగినది చదివి బాధ కలిగింది. అయినా ఒక మాట అనకుండా ఉండలేను. మన లోకంలో ఇలాంటి చోట ఉన్న అసలు హక్కు ఫోర్క్ చేసుకునే, అంటే కోడు నకలు తీసుకుని వేరే ప్రాజెక్టుగా నడుపుకునే హక్కే. 1994 డిసెంబరులో నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ముఖ్య బృందం దాని సహ వ్యవస్థాపకుడు థియో డి రాట్‌ను తప్పుకోమంది. ఆయన ప్రవర్తన మీద ఫిర్యాదులుండేవి. మరుసటి ఏడాది ఆయన ఓపెన్‌బీఎస్‌డీ మొదలుపెట్టారు. అక్కడ పుట్టిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ లేకుండా ఈ రోజు ఏ సర్వరులోకీ మనం అడుగుపెట్టలేము. 1997లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ వారి జీసీసీ (కోడును యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్) అభివృద్ధి నత్తనడక నడుస్తోందని కొందరు ఈజీసీఎస్ పేరుతో వేరుపడ్డారు. 1999లో ఫౌండేషనే ఆ వేరుపడినదాన్ని అసలు జీసీసీగా స్వీకరించింది. 2010లో ఓపెన్‌ఆఫీస్ వదిలి లిబ్రేఆఫీస్ కట్టుకున్నారు. నాయకుడు నచ్చకపోతే కోడు తీసుకుని వెళ్లిపోవచ్చునన్న భయమే నాయకుణ్ణి అదుపులో పెడుతుంది. ఇంతకంటే బలమైన జవాబుదారీతనం ఏ సంస్థలో ఉంది?


నీరటి
సెప్టెంబరు 16, రాత్రి 8:20

పాలమూరు గారూ, నా పేరులోనే నా సమాధానం ఉంది. మా తాతలు చెరువు కింద నీళ్లు వదిలే నీరటివాళ్లు. చెరువు ఊరందరిది, కానీ తూము ఎప్పుడు ఎత్తాలో, ఎవరి మడికి ముందు పారాలో నీరటి చేతిలో ఉండేది. అతడు పక్షపాతం చూపితే చెరువు నీళ్లలో మీ వాటా మీరు బిందెలో పట్టుకుపోండని ఎవరూ అనలేదు, పంచాయితీ పెట్టి అతణ్ణి అడిగేవారు.

ఫోర్క్‌లో మీ వెంట వచ్చేది కోడు మాత్రమే. పేరు రాదు, డొమైన్ రాదు, ట్రేడ్‌మార్కు రాదు, విడుదలల మీద సంతకం చేసే తాళంచెవి రాదు, లక్షల యంత్రాలకు అప్‌డేట్లు పంపే సర్వరు రాదు. వెబ్‌సైట్లు కట్టుకునే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ సంగతి చూడండి. కోడు జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కిందే ఉంది, 2010 నుంచి ఫౌండేషనూ ఉంది. కానీ అదనపు పనులు చేసే ప్లగిన్లు, థీమ్‌లు అన్నీ దిగే వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ సైటు దాని సహ వ్యవస్థాపకుడు మాట్ ములెన్‌వెగ్ సొంతం. 2024 సెప్టెంబరు 25న డబ్ల్యూపీ ఇంజిన్ అనే హోస్టింగ్ కంపెనీతో వచ్చిన తగాదాలో ఆయన ఆ కంపెనీ సర్వర్లకు ఆ సైటు దారి మూసేశారు. ఆ కంపెనీ దగ్గర సైటు పెట్టుకున్న చిన్న వ్యాపారులకు, బడులకు డ్యాష్‌బోర్డులో ఎప్పటిలా అప్‌డేటు నొక్కితే పని జరగలేదు. వాళ్లకు ఆ తగాదాతో ఏ సంబంధమూ లేదు. అక్టోబరు 12న ఆ కంపెనీ నిర్వహిస్తున్న ప్లగిన్ పేజీనే తీసుకుని పేరు మార్చారు. చివరికి డిసెంబరు 10న అమెరికా ఫెడరల్ కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి పాత స్థితి పునరుద్ధరించమంది. ఇరవై ఏళ్ల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సమాజంలో ఒక మనిషి నిర్ణయాన్ని ఆపడానికి లోపల ఏ దారీ లేక, గొడవ కోర్టుదాకా వెళ్లింది.

ఫ్రీనోడ్ గురించి కూడా చెప్పాలి. చాలా ప్రాజెక్టులు ఏళ్ల తరబడి మాట్లాడుకున్న ఐఆర్‌సీ అనే పాత చాట్ పద్ధతి వేదిక అది. దాన్ని రోజూ నడిపిన స్వచ్ఛంద సిబ్బందికి తమ పేరు, డొమైన్ ఎవరి చేతిలో ఉన్నాయో 2021 మేలో తెలిసివచ్చింది. మే 19న వారంతా రాజీనామా చేసి లిబెరా చాట్ పెట్టుకున్నారు. అది మంచి ఫోర్కే, బతికింది. కానీ ఆ వారంలో ఎన్ని ప్రాజెక్టులు తమ చిరునామాలన్నీ మార్చుకోవలసి వచ్చిందో ఆ రోజుల్లో ఆన్‌లైన్‌లో ఉన్నవారికి తెలుసు.

ఇక సన్నజాజి గారి విషయానికి వస్తే, ఆవిడ 340 వాక్యాలు తీసుకుని ఎక్కడికి ఫోర్క్ చేసుకునేవారు? తెలుగు అనువాదం అసలు విడుదలలో చేరితేనే దానికి విలువ. ఫోర్క్ అనేది సర్వర్లు, డబ్బు, పేరున్న మనిషికి దొరికే హక్కు. రాత్రి పదకొండు తరువాత గంటసేపు పనిచేసే మనిషికి మిగిలేది వెళ్లిపోవడమే, ఆ వెళ్లిపోవడాన్ని ఎవరూ లెక్కపెట్టరు.


పాలమూరు
సెప్టెంబరు 16, రాత్రి 8:55

తాళంచెవుల మాట నేను ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నాను. ఓపెన్‌బీఎస్‌డీ ఉదాహరణ తెచ్చినప్పుడు డి రాట్‌కు అప్పటికే పేరూ, వెంట వచ్చే మనుషులూ ఉన్నారన్న సంగతి నేను పక్కన పెట్టాను.


వేదిక నిర్వాహకులు
సెప్టెంబరు 17, ఉదయం 6:30

రాత్రి వచ్చిన ఒక సమాధానాన్ని తొలగించాము. అందులో సన్నజాజి గారు చెప్పిన బృందం ఏదో, ఆ వ్యక్తి ఎవరో ఊహించే ప్రయత్నం జరిగింది. ఆవిడ పేరు చెప్పకూడదనుకున్నారు కాబట్టి మనమూ వెతకకూడదు. చర్చను విషయం మీదే కొనసాగించగలరు.


గోదారిగట్టు
సెప్టెంబరు 17, ఉదయం 10:40

నేను కొన్నేళ్లుగా లినక్స్ ఆధారంగా స్వచ్ఛంద కార్యకర్తలు తయారుచేసే డెబియన్ ఆపరేటింగ్ సిస్టమ్ ప్యాకేజీలు చూస్తున్నాను కాబట్టి ఆ వైపు నుంచి రాస్తాను. కృష్ణాతీరం గారి ప్రశ్నకు డెబియన్ సమాధానం 1998లోనే కాగితం మీద ఉంది. ఆ ఏడాది ఆమోదించిన రాజ్యాంగం ప్రకారం ప్రాజెక్టు నాయకుణ్ణి డెవలపర్లు ప్రతి ఏటా ఓటు వేసి ఎన్నుకుంటారు, మధ్యలో కావాలంటే తీర్మానం పెట్టి తొలగించవచ్చు. 1993లో డెబియన్ మొదలుపెట్టిన ఇయాన్ మర్డాక్ తరువాత ఎంతోమంది నాయకులు మారారు. ఆ మార్పుల్లో ఏదీ మహా సంఘటన కాకపోవడమే దాని గొప్పతనం.

ప్రోగ్రామింగ్ భాష పైథాన్ ఆ పాఠాన్ని కష్టకాలంలో నేర్చుకుంది. ఒక చిన్న ఆపరేటర్‌ను భాషలో చేర్చే పెప్ 572 అనే ప్రతిపాదన మీద జరిగిన వాదంతో విసిగి, 2018 జూలై 12న దాని సృష్టికర్త గిడో వాన్ రోసమ్ నాయకత్వం వదిలేశారు. వారసుణ్ణి నేను చెప్పను, మీరే తేల్చుకోండన్నారు. ఆయన మీద ప్రవర్తన ఆరోపణ ఏదీ లేదు, అలసిపోయారు, అంతే. డెవలపర్లు నెలల తరబడి ఆరేడు ప్రతిపాదనలు రాసి, ఓటు వేసి, ఐదుగురి స్టీరింగ్ కౌన్సిల్‌ను తెచ్చుకున్నారు. ఒకే కంపెనీలో పనిచేసేవారు ఇద్దరికి మించి ఉండకూడదని, మూడింట రెండు వంతుల ఓటుతో అవిశ్వాసం పెట్టవచ్చునని అందులోనే రాసుకున్నారు. మొదటి ఎన్నికలో గిడో కూడా గెలిచారు, కానీ ఐదుగురిలో ఒకరిగా. వ్యవస్థాపకుడు తిరిగి రావడానికి ఇంతకంటే మర్యాదైన దారి నాకు కనిపించలేదు.

ఇక ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ దగ్గర అసలు చిక్కు ఇక్కడ ఉందని నా అభిప్రాయం. ఏటా చందా కట్టే అసోసియేట్ సభ్యులకు పాలకమండలి ఎన్నికలో ఓటు లేదు. లోపల ఉన్నవారే తమ తరువాతివారిని ఎంచుకుంటారు. ఉద్యమం దారి తప్పకుండా చూడడానికి మొదట్లో అలా పెట్టుకున్నారు, దాన్ని నేను తప్పుపట్టను. కానీ అలా పెట్టుకున్నప్పుడు, 2021లో స్టాల్‌మన్ రాకను ఇష్టపడే సభ్యుడికీ ఇష్టపడని సభ్యుడికీ ఒకే గతి పట్టింది. ఇద్దరూ ఏదో ఒక లేఖ మీద సంతకం చేయాలి, లేదా చందా మానుకోవాలి. లినక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ తన నిధులు ఆపేసింది. కార్యనిర్వాహక సంచాలకుడూ, మరికొందరు ముఖ్యులూ వెళ్లిపోతున్నామన్నారు. ఏప్రిల్ 12న మండలి తన ప్రకటనలో ఆయన జ్ఞానం తమకు కావాలని చెబుతూనే, ఆ వార్తను తెలియజేసిన తీరు చాలా చెడ్డగా ఉందని, ఆ బాధ్యత తమదేనని ఒప్పుకుంది. ఒక మంచి పని మాత్రం జరిగింది, ఉద్యోగులు ఎంచుకున్న ఒక ప్రతినిధికి మండలిలో చోటు ఇచ్చారు. ఆ చోటు 2019లోనే ఉండి ఉంటే కనీసం సమావేశం నిర్వహిస్తున్నవారికి సంగతి ముందుగా తెలిసేది.


నల్లమల
సెప్టెంబరు 17, సాయంత్రం 5:10

గోదారిగట్టు గారూ, ఎన్నికల మీద మీకున్నంత నమ్మకం నాకు లేదు. మీ డెబియన్‌లోనే 2021 ఏప్రిల్‌లో స్టాల్‌మన్ మీద ప్రకటన ఇవ్వాలా వద్దా అని ఓటు పెట్టారు. వారాల తరబడి లిస్టుల్లో మనుషులు ఒకరినొకరు నొప్పించుకున్నాక, ఈ విషయం మీద డెబియన్ ఏ ప్రకటనా చేయదన్న ఐచ్ఛికం గెలిచింది. ఎవరు ఎటు ఓటు వేశారో అప్పట్లో బయటికి తెలిసేది. ఆ భయం ఎంత పెరిగిందంటే, మరుసటి ఏడాది ఓట్లను రహస్యంగా ఉంచాలని వేరే తీర్మానమే చేసుకోవలసి వచ్చింది. 2014లో, కంప్యూటరు మొదలవగానే మిగతా పనుల్ని నడిపించే సిస్టమ్‌డీ మీద జరిగిన గొడవలో పద్దెనిమిదేళ్లు పనిచేసిన జోయీ హెస్ వెళ్లిపోతూ, ఆ రాజ్యాంగమే ప్రాజెక్టును అనారోగ్యకరమైన దారి పట్టించిందని, అది పెట్టిన రోజున వ్యతిరేకించనందుకు చింతిస్తున్నానని రాశారు. నియమాలు రాసుకున్నంత మాత్రాన మనుషులు మనుషుల్ని గౌరవించరు. వాదించడానికి మరో సాధనం దొరికినట్టు అవుతుంది.


గోదారిగట్టు
సెప్టెంబరు 17, సాయంత్రం 6:45

ఆ ఓటు జరిగినన్నాళ్లూ ఇన్‌బాక్సు తెరవాలంటే నాకు బెంగగా ఉండేది, కాబట్టి మీరు చెప్పినదాన్ని కాదనను. రహస్య ఓటు తీర్మానం ఆలస్యంగా వచ్చిన దిద్దుబాటు. కానీ ఒక్కటి గమనించండి, ఆ దిద్దుబాటు చేసుకోవడానికి లోపలే దారి ఉంది. దారే లేనప్పుడు ఏం జరుగుతుందో రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష చూపించింది. 2021 నవంబరు 22న రస్ట్ మోడరేషన్ బృందం మొత్తం రాజీనామా చేసింది. అందరి ప్రవర్తననూ చూడవలసిన తమకు ప్రాజెక్టును నడిపే కోర్ టీమ్ విషయంలో మాత్రం ఏ అధికారమూ లేదని, ఆ టీమ్ తనకు తాను తప్ప ఎవరికీ జవాబు చెప్పనక్కరలేని స్థితిలో ఉందని వారి లేఖ సారాంశం. సన్నజాజి గారి బృందంలో ఒక మనిషి దగ్గర ఉన్న చిక్కే, పెద్ద భాష దగ్గర పెద్ద రూపంలో కనిపించింది. ఏడాదిన్నర పైగా కష్టపడి, 2023లో కోర్ టీమ్‌ను తీసేసి, ప్రతి ముఖ్య బృందం నుంచీ ఒకరు చొప్పున ఉండే లీడర్‌షిప్ కౌన్సిల్ పెట్టుకున్నారు. ఆ మధ్యలోనే రస్ట్‌కాన్ఫ్ సమావేశపు ప్రసంగం విషయంలో మరో తప్పు జరిగి, ఆహ్వానించిన వక్తనే అవమానించినట్టయింది. నిర్ణయం ఎవరిదో అడిగితే చెప్పేవారు లేక ఎంతసేపు కొట్టుకున్నారో అందరూ చూశారు.


సన్నజాజి
సెప్టెంబరు 17, రాత్రి 10:50

నల్లమల గారి మాటలో నిజం ఉంది, నియమం మనసును మార్చదు. అయితే మనసు మారవలసిన మనిషి చేత మొదటి అడుగు వేయించడానికి ఏదో ఒకటి కావాలి. అందుకే నాకు టోర్వాల్డ్స్ ఉదంతం ఎక్కువ ఆలోచన కలిగిస్తుంది.

ఆ క్షమాపణ ఒక్క రోజులో పుట్టలేదు. 2013లోనే ఒక డెవలపర్ కెర్నల్ మెయిలింగ్ లిస్టులో, అందరి ముందూ, ఇలా తిట్టడం ఆపమని ఆయనను అడిగారు. యూఎస్‌బీ 3 డ్రైవరు రాసిన మనిషి వారు. అప్పుడు ఆయన తన పద్ధతిని సమర్థించుకున్నారు. 2015లో ఆ డెవలపర్ కెర్నల్ పని వదిలేసి, కారణం బహిరంగంగా రాశారు. అదే ఏడాది పెట్టుకున్న ‘కోడ్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్’ అనే పత్రం, విమర్శ కటువుగానే ఉంటుంది, తట్టుకోండన్న ధోరణిలో మొదలయ్యేది. 2018లో ఒక పత్రిక ఆ విషయం మీద ప్రశ్నలు పంపాక గానీ క్షమాపణ రాలేదు. అంటే అడిగిన మొదటి మనిషి వెళ్లిపోయిన మూడేళ్లకు.

అయినా ఆ మెయిలును నేను తక్కువ చేయను. ఇంకెవరి వక్రీకరణ వల్లో ఇలా జరిగిందని అందులో లేదు. చేసింది నేను, తప్పు నాది అని ఉంది. దాంతో పాటే ప్రవర్తనా నియమావళి మారింది, ఆ మార్పును నమోదు చేసిన కమిట్ మీద ఆయన సంతకమే ఉంది, ఫిర్యాదు వినే కమిటీ ఏర్పడింది. స్టాల్‌మన్ కూడా 2021 ఏప్రిల్‌లో, ఎదుటివారి మనసులో ఉన్నది తనకు సులువుగా అందదని, అందువల్ల కొందరిని నొప్పించానని రాశారు. నేను దాన్ని నమ్ముతాను. కానీ అది కుర్చీలో కూర్చున్నాక వచ్చింది. కూర్చోకముందే, ఆ నొచ్చుకున్నవారికి వినిపించేలా వచ్చి ఉంటే, ఆయన దగ్గర నేర్చుకున్న మా వంటివారు ఈ రోజు రెండు ముక్కలై ఉండేవారం కాదు.


కృష్ణాతీరం
సెప్టెంబరు 18, ఉదయం 7:15

సన్నజాజి గారూ, కూర్చోకముందు, కూర్చున్నాక అని మీరు చూపిన తేడా దగ్గరే నేను రెండేళ్లుగా తడుముకుంటున్నాను. ఇప్పుడు స్పష్టమైంది.

టోర్వాల్డ్స్ గురించి ఒక చేర్పు. 2025 ఫిబ్రవరిలో కెర్నల్‌లో రస్ట్ వాడకం మీద తగాదా ముదిరి, ఆపిల్ యంత్రాల మీద లినక్స్ నడిపించిన హెక్టర్ మార్టిన్ అనే డెవలపర్ ఆ విషయాన్ని సోషల్ మీడియాకు ఎక్కించినప్పుడు, సమస్య నీలోనే ఉందేమో ఆలోచించుకో అని టోర్వాల్డ్స్ కటువుగానే రాశారు. మార్టిన్ నిర్వహణ బాధ్యతలు వదిలేశారు. కొద్ది రోజులకే, రస్ట్‌ను అడ్డుకున్న సీనియర్ నిర్వాహకుడు క్రిస్టాఫ్ హెల్‌విగ్‌కు కూడా, నీ కోడును వాడుకునేవారి మీద నీకు వీటో లేదని అంతే తేటగా చెప్పారు. పాత రోజుల్లో అయితే ఈ రెండు మెయిళ్లలోనూ బూతులు ఉండేవి. ఇప్పుడు లేవు. కానీ ఆ నిర్వాహకుడికి ఆ మాట చెప్పవలసిన సమయంలో ఎవరూ చెప్పకపోవడం వల్లే మొదటి మనిషి బయట అరిచారన్నది నా నమ్మకం. నాయకుడి భాష బాగుపడింది, నిర్ణయం ఆలస్యమయ్యే అలవాటు మాత్రం అలాగే ఉంది. దానికి క్షమాపణ చెప్పమని ఏ నియమావళీ అడగదు.


నల్లమల
సెప్టెంబరు 18, ఉదయం 11:30

సన్నజాజి గారి టపా రెండుసార్లు చదివాను. 2019లో స్టాల్‌మన్‌కు విచారణ దొరకలేదని నేను బాధపడ్డాను, ఇప్పటికీ పడుతున్నాను. ఆ విచారణ జరిపే చోటు లేకపోవడం వల్ల నష్టపోయింది ఆయన ఒక్కరే కాదని, ఫిర్యాదు చేయదలచినవారు అంతకు ఎన్నో ఏళ్ల ముందే నష్టపోయారని నేను గుర్తించలేదు. ఆ చోటు ఉండి ఉంటే ఇద్దరికీ మేలు జరిగేది. ఇక్కడితో నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను, ఎన్నికల మీద ఉన్న అనుమానం తప్ప.


మూడో ఏడాది
సెప్టెంబరు 18, సాయంత్రం 4:20

అందరికీ నమస్కారం. నేను ఇంజనీరింగ్ విద్యార్థిని. మా కళాశాలలో లినక్స్ వాడుకరుల బృందాన్ని ఈ ఏడాది నేనూ, మరో ఇద్దరమూ చూస్తున్నాం. ఈ చర్చ చదివాక భయం వేసింది, ఎందుకంటే మా దగ్గర ఏ నియమాలూ లేవు. మొదట ఏం చేయమంటారు?


నీరటి
సెప్టెంబరు 18, సాయంత్రం 5:00

నియమావళి రాయడం తరువాత చూద్దాం. ఈ రోజు రాత్రి ఒక కాగితం తీసుకుని, డొమైన్ ఎవరి పేరున ఉంది, కోడు దాచే రిపాజిటరీకి యజమాని ఖాతా ఎవరిది, టెలిగ్రామ్ గ్రూపు అడ్మిన్ ఎవరు, ఫిర్యాదు మెయిలు ఎవరికి చేరుతుంది, పోగుచేసిన డబ్బు ఎవరి ఖాతాలో ఉంది అని రాయండి. ఎక్కడెక్కడ ఒకే పేరు వస్తుందో అక్కడ రెండో మనిషిని పెట్టండి. ఫిర్యాదు మెయిలు మాత్రం బృందం నడిపేవారిలో ఎవరికీ చేరకూడదు, బయట మీరంతా నమ్మే ఒక పెద్దమనిషికో, అధ్యాపకురాలికో చేరాలి.


మూడో ఏడాది
సెప్టెంబరు 19, రాత్రి 11:45

నీరటి గారు చెప్పినట్టే రాశాను. ఐదింటిలో నాలుగు చోట్ల ఒకే పేరు వచ్చింది. ఆరేళ్ల కిందట బృందం మొదలుపెట్టిన సీనియర్ అన్న, ఇప్పుడు డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నారు. ఇన్నేళ్లూ డొమైన్ రుసుము ఆయనే తన జేబులోంచి కడుతున్నారని ఈ రోజే తెలిసింది. మొహమాటపడుతూనే మెయిలు రాశాను. గంటలోనే సమాధానం వచ్చింది, కోపం లేదు, సంతోషంగా ఇచ్చేస్తానన్నారు. అయితే ఆయన ఒక ప్రశ్న అడిగారు. ఎవరికి ఇవ్వాలో బృందం సభ్యులంతా కలిసి నిర్ణయించి చెప్పండి, నా అంతట నేను ఒకరిని ఎంచి ఇస్తే మళ్లీ అదే తప్పు అవుతుందన్నారు.

టెలిగ్రామ్ గ్రూపులో 412 మంది ఉన్నారు. వారిలో సగం మంది చదువు ముగించి వెళ్లిపోయారు, కొందరు ఒక్క సమావేశానికి కూడా రాలేదు. మా బృందంలో సభ్యుడంటే ఎవరో ఇంతవరకు ఎక్కడా రాసుకోలేదు. రేపు సాయంత్రం ల్యాబులో కూర్చుని ముందు ఆ జాబితా మొదలుపెడుతున్నాం.